పొడుగు మాట ముందా, పొట్టి మాట ముందా?

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో తెలుగువాళ్ళూ, స్పానిష్ మాట్లాడేవాళ్ళూ ఇరుగుపొరుగున ఉంటారు. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడుకునేవాళ్ళు 4 కోట్లకు పైనే. పగలంతా హోటలు వంటిళ్ళలో, ఇళ్ళ కప్పుల మీద, గదులు శుభ్రం చేసే పనుల్లో ఉండి, సాయంత్రం ఇంగ్లీషు నేర్చుకోవడానికి లైబ్రరీలకూ చర్చిలకూ వచ్చేవాళ్ళు వీళ్ళలో ఎందరో. అలాంటి ఒక క్లాసులో ఉచితంగా పాఠం చెప్పే మేనకోడలికీ, గోదావరి జిల్లాలో ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరై పిల్లల దగ్గరికి వచ్చిన మేనమామకీ మధ్య నడిచిన వాదం ఇది.

మావయ్య: నిన్న నీ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని చూశానమ్మాయ్. గంటసేపు ‘గెట్’ చుట్టూనే తిప్పావు. గెట్ అప్, గెట్ ఆఫ్, గెట్ బ్యాక్, గెట్ ఓవర్. ఇంగ్లీషులో అన్నిటికన్నా చిక్కు మాట పట్టుకుని మొదలుపెడితే ఎలా?

మేనకోడలు: చిక్కుదే కావచ్చు మావయ్యా, రోజూ చెవిన పడేది మాత్రం అదే. హోటల్లో మేనేజరు ‘గెట్ ద ట్రేస్’ అంటాడు. ‘ఆబ్టెయిన్ ద ట్రేస్’ అనడుగా!

మావయ్య: అనడు. కానీ ‘ఆబ్టెయిన్’ అని బోర్డు మీద రాసి చూడు, క్లాసులో సగం మందికి నువ్వు చెప్పకుండానే తెలుస్తుంది. వాళ్ళ భాషలో అది ‘ఒబ్తెనేర్’. నా వాదమంతా ఇక్కడే ఉంది. మన పిల్లలకి ఇంగ్లీషులో పొట్టి మాటలు తేలిక, పొడుగు మాటలు కష్టం. స్పానిష్ మాట్లాడే పెద్దవాళ్ళకి అది తలకిందులు. స్పానిష్ లాటిన్ కడుపున పుట్టింది. ఇంగ్లీషు జర్మానిక్ భాషే అయినా, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వరదలా వచ్చి పడ్డాయి, తర్వాత పండితులు లాటిన్ నుంచి నేరుగా తెచ్చి పోశారు. ఇవాళ ఇంగ్లీషు నిఘంటువులో సగానికి పైగా మాటలు ఆ వంశానివే. నీ క్లాసువాళ్ళు ఆ సగానికి పుట్టుకతోనే వారసులు. ఆస్తి చేతిలో పెట్టకుండా కూలికి పంపుతున్నావు.

మేనకోడలు: చేతిలో ఎలా పెడతారేమిటి?

మావయ్య: సూత్రాలతో. ఇంగ్లీషులో ‘షన్’ అని ముగిస్తే స్పానిష్‌లో ‘సియోన్’. నేషన్, నాసియోన్. ఇన్ఫర్మేషన్, ఇన్ఫొర్మాసియోన్. చివర ‘టీ’ ఉంటే ‘దాద్’. యూనివర్సిటీ, ఉనివెర్సిదాద్. చివర ‘అస్’ ఉంటే ‘ఓసో’. ఫేమస్, ఫమోసో. ‘లీ’ చేరితే ‘మెంతే’. ర్యాపిడ్లీ, రాపిదమెంతే. ఈ నాలుగు సూత్రాలు ఒక సాయంత్రం చెబితే వందలకొద్దీ మాటలు పోగవుతాయి. నీ ‘గెట్’ ఒక్కటి ఒక సాయంత్రం తినేసింది, ఇంకా మిగిలే ఉంది.

మేనకోడలు: కాగితం మీద పోగవుతాయి మావయ్యా. చెవికి ఎక్కడ పోగయ్యాయి? స్పానిష్‌లో అచ్చులు ఐదే. ఇంగ్లీషులో దానికి రెట్టింపు పైనే. ‘షిప్’కీ ‘షీప్’కీ తేడా వాళ్ళకి వినపడదు. ‘హాస్పిటల్’ తీసుకోండి. రెండు భాషల్లోనూ అక్షరాలు అవే. కానీ స్పానిష్‌లో ‘హ’ పలకదు, ఊనిక చివర పడుతుంది, ‘ఓస్పితాల్’. ఇంగ్లీషులో ఊనిక మొదట పడి మిగతాది నలిగిపోతుంది. బోర్డు మీద చూసి నవ్వినవాళ్ళే ఫోన్లో అదే మాట వింటే గుడ్లప్పగిస్తారు. ‘స్కూల్’ని వాళ్ళు ‘ఎస్కూల్’ అంటారు. మన పల్లెల్లో ‘ఇస్కూలు’ అన్నట్టే.

మావయ్య: అయితే చెవికీ నేర్పు. సూత్రం తప్పేముంది?

మేనకోడలు: నేర్పాలి. అప్పుడు మీరన్న ఒక్క సాయంత్రం నాలుగు సాయంత్రాలవుతుంది. అదీకాక మీ వారసత్వంలో దొంగ చుట్టాలు కూడా ఉన్నాయి. ఒకావిడ సిగ్గుపడి ‘ఎంబరాస్డ్’ అనబోయి ‘ఎంబరసాదా’ అంటే, గర్భవతినని చెప్పినట్టు. ‘కార్పేతా’ తివాచీ కాదు, ఫైలు. ‘లిబ్రెరియా’ లైబ్రరీ కాదు, పుస్తకాల కొట్టు. ‘అసిస్తీర్’ అంటే సాయం చెయ్యడం కాదు, హాజరవడం. ‘అక్తువాల్మెంతే’ అంటే ‘నిజానికి’ కాదు, ‘ప్రస్తుతం’. ‘ఎక్సితో’ చూసి బయటికి దారి అనుకుంటాం. వాళ్ళకది విజయం.

మావయ్య: దొంగ చుట్టాలు మనకీ ఉన్నాయిగా. హిందీలో ‘ఉపన్యాస్’ నవల, మనకు ప్రసంగం. వాళ్ళ ‘శిక్షా’ చదువు, మన శిక్ష జైలు. అంతమాత్రాన సంస్కృతం తెలిసిన తెలుగువాడు హిందీ పుస్తకం తెరిచినప్పుడు తెలిసిన మాటలన్నీ పక్కన పెట్టి ‘హై, థా’లతో మొదలుపెడతాడా? పది తప్పితే తొంభై కలుస్తాయి. ఆ పది జాబితా రాసి గోడకి అంటించు.

మేనకోడలు: ఆ పదిలో ఒకటి ప్రాణం మీదికి తెస్తుంది. 1980లో ఫ్లోరిడాలో ఒక 18 ఏళ్ళ కుర్రాడు స్పృహ తప్పితే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబం. ‘ఇంతొక్సికాదో’ అన్నారు. వాళ్ళ వాడుకలో, తిన్నదేదో వికటించిందని. డాక్టర్లు దాన్ని ‘ఇంటాక్సికేటెడ్’ అనుకుని మత్తుమందు కేసుగా వైద్యం చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. కాళ్ళూ చేతులూ పడిపోయాయి. నష్టపరిహారం జీవితకాలానికి 7 కోట్ల డాలర్లు దాటింది. అక్కడ దుబాసీ లేడు. ఎందుకు పిలవలేదంటే, మాట రెండువైపులా తెలిసినట్టే వినిపించింది కాబట్టి. తెలియని మాటయితే అడిగేవాళ్ళు మావయ్యా. తెలిసినట్టు కనిపించే మాటని ఎవరూ అడగరు.

మావయ్య: ఒప్పుకున్నాను. అయితే ఆ కథ నా వైపే మాట్లాడుతోంది. ఆ చుట్టరికం గురించి ఆ గదిలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. నేను చెప్పమంటున్నాను. నువ్వు స్పానిష్ ఊసే క్లాసులో ఎత్తవు, మరి దొంగ చుట్టాన్ని ఎవరు పట్టిస్తారు?

మేనకోడలు: ఎత్తకపోవడానికి కారణముంది. 1878లో అమెరికాలోనే బెర్లిట్స్ పెట్టిన బడినుంచి వస్తున్న పద్ధతి అది, నేర్చే భాషలోనే నేర్పడం. ప్రతి మాటకీ స్పానిష్ అర్థం పక్కన రాసుకుంటే వాక్యం కూడా స్పానిష్‌లోనే కడతారు. ‘ఐ హావ్ థర్టీ ఇయర్స్’ అంటారు, వాళ్ళ భాషలో వయసు ‘ఉంటుంది’ కాబట్టి. ‘ఐ హావ్ హంగర్’ అంటారు. అందుకే నేను విడి మాట ఇవ్వను, మాటల గుత్తి ఇస్తాను. మైకెల్ లూయిస్ 1993లో ‘ది లెక్సికల్ అప్రోచ్’ పుస్తకంలో చెప్పింది అదే. భాష అంటే వ్యాకరణంలో అతికించిన మాటలు కాదు, చాలావరకు ముందే అతుక్కుని ఉన్న గుత్తులు. ‘ఐ యామ్ థర్టీ’ మొత్తం ఒకే మాటగా నోటికి రావాలి.

మావయ్య: ఆ తప్పు ఎందుకు వస్తుందో నువ్వు నాకు ఒక్క ముక్కలో చెప్పావు. ‘తెంగో త్రేయింతా ఆన్యోస్’ పక్కన పెట్టి చూపించావు. ఆ ఒక్క ముక్క వాళ్ళకెందుకు చెప్పవు? నలభై ఏళ్ళ మనిషి బుర్రలో నిండు నిఘంటువు ఉంది. ఆ మనిషి ముందు ఆపిల్ బొమ్మ పట్టుకుని ‘దిస్ ఈజ్ యాన్ ఆపిల్’ అంటుంటే చూడ్డానికి నాకే ఇబ్బందిగా ఉంది. ఆ మనిషికి ఆపిల్ తెలుసు, ఇంగ్లీషే తెలియదు.

మేనకోడలు: మీరన్న నిండు నిఘంటువు అందరిదీ ఒకటి కాదు. నా క్లాసులో గ్వాతెమాల కొండల నుంచి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ ఇంటి భాష మామ్, కిచే లాంటి మాయా భాషలు. స్పానిష్ రెండో భాష, బడి రెండు మూడేళ్ళు. వాళ్ళకి మీ ‘యూనివర్సిటీ, ఉనివెర్సిదాద్’ ఏ ఆస్తి?

మావయ్య: మంచి ప్రశ్న. అయితే ఒకటి గమనించు. లాటిన్ మాటలన్నీ స్పానిష్‌లో పండితుల మాటలు కావు. ఇంగ్లీషులో ‘ఎడిఫిస్’ అంటే పుస్తకాల మాట. స్పానిష్‌లో ‘ఎదిఫీసియో’ అంటే రోడ్డుమీది మేడ, బడికి పోని తాపీ మేస్త్రీ కూడా అనేదే. ఇంగ్లీషులో ‘ఇన్‌ఫర్మ్’ అంటే వృద్ధుల గురించి రాసే పెద్దమాట. వాళ్ళ ‘ఎన్ఫేర్మో’ జ్వరంతో పడుకున్నవాడు. అంటే మన దృష్టిలో కాలేజీ మాట, వాళ్ళకి వీధి మాట. 2000 సంవత్సరంలో న్యూజిలాండులో ఎవరిల్ కాక్స్‌హెడ్ పైచదువులకి కావలసిన మాటల జాబితా చేసింది, 570 పద కుటుంబాలు, అంటే ఒక మాటా దాన్నుంచి పుట్టిన రూపాలూ కలిపి ఒక కుటుంబం. అత్యధిక భాగం లాటిన్, గ్రీకు సంతానమే. అమెరికా పిల్లలే తడబడే జాబితా అది. నీ తాపీ మేస్త్రీకి అందులో చాలామటుకు గుమ్మందాకా వచ్చి నిలబడ్డ మాటలు.

మేనకోడలు: ఆ తాపీ మేస్త్రీకి రేపు పొద్దున్న కావలసింది కాలేజీ జాబితా కాదుగా! పైనుంచి ఏదో జారిపడుతుంటే తల వంచమని ‘డక్!’ అని అరుస్తారు. అతనికి డక్ అంటే బాతు. ‘హోల్డ్ ఆన్’, ‘వాచ్ అవుట్’, ‘లెట్ గో’. పొట్టి మాటలు, అర సెకనులో అర్థం కావాలి. ఇవి ఏ లాటిన్ సూత్రానికీ లొంగవు. విద్యావేత్త పాలో ఫ్రేరే 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్‌లో సుమారు 300 మంది కూలీలకి 40 గంటల పాఠాలతో చదువు నేర్పినప్పుడు, మాటలు ఎక్కణ్ణుంచి తెచ్చాడు? వాళ్ళ పనిలోంచి, వాళ్ళ కష్టంలోంచి. మన నెల్లూరు జిల్లాలో ఏమైంది? 1990ల మొదట్లో అక్షరాస్యత వాచకంలో సారా గురించి పాఠం చదివిన ఆడవాళ్ళే దూబగుంటలో సారా కొట్టు మూయించారు. 1993కల్లా రాష్ట్రమంతా సారా నిషేధమైంది. వాళ్ళ బతుకులోని మాట వాళ్ళకిస్తే చదువు ఎంత దూరం పోతుందో మీ కళ్ళతోనే చూశారు.

మావయ్య: చూశాను, చేతులెత్తి మొక్కాను కూడా. కానీ తేడా పట్టించుకో. దూబగుంట ఆడవాళ్ళకి సారా అన్న మాట ముందే తెలుసు. రాత తెలియదు. ఫ్రేరే కూలీలకి పోర్చుగీసు ముందే వచ్చు. నోట్లో ఉన్న మాటని కాగితం మీద చూపించడం అది. నీ క్లాసులో జరగవలసింది వేరు. అక్కడ మాటే లేదు. లేనిచోట, ఉన్నదానికి దగ్గరగా ఉన్నది పట్టుకోవడమే ఫ్రేరే నేర్పిన బుద్ధి. ఆ దగ్గరిదే జ్ఞాతి పదం, రెండు భాషల్లోనూ చుట్టరికమున్న మాట.

మేనకోడలు: ఆ తేడా నేను తీసి పారెయ్యను. కానీ వాళ్ళ నోట్లో ఇంగ్లీషు బొత్తిగా లేదనుకోకండి. ట్రక్కుని ‘త్రోకా’ అంటారు, లంచ్‌ని ‘లోన్చే’, బిల్లుల్ని ‘బీలెస్’. ఇక్కడికొచ్చాక పని చుట్టూ చేరిన మాటలు. అక్కణ్ణుంచి మొదలుపెట్టినా ఉన్నదాన్ని పట్టుకున్నట్టేగా?

మావయ్య: అయితే స్పానిష్ వైపు తలుపు కొంచెం తెరిచినట్టే! సరే, లెక్కకి రా. వారానికి నీకు మూడు నాలుగు గంటలు. మన దేశానికి దగ్గరగా, ఢాకాలో ట్రైనింగు కాలేజీ ప్రిన్సిపాలుగా చేసిన మైకెల్ వెస్ట్ 1953లో వాడుక ఎక్కువున్న 2000 ఇంగ్లీషు మాటలు ఏరి పెట్టాడు. మామూలు రచనలో నూటికి సుమారు 80 మాటలు వాటిలోవే. అక్కడిదాకా నీ దారే సరి. కానీ భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం పుస్తకాలూ పత్రికలూ సాయం లేకుండా చదవాలంటే 8000 నుంచి 9000 పద కుటుంబాలు కావాలి. మాటలు విని అర్థం చేసుకోవడానికే 6000 నుంచి 7000. అన్ని వేలు నీ గుత్తులతో ఎన్నేళ్ళకి తెముల్తాయి? నువ్వు ముందు పొడుగు మాటల ఆస్తి చేతికిస్తే అందులో వేలు వాళ్ళకై వాళ్ళే ఖర్చుపెట్టుకుంటారు. అప్పుడు నీ గంటలన్నీ పొట్టి మాటలకే మిగులుతాయి.

మేనకోడలు: అంటే చివరికి పొట్టి మాటలకే క్లాసు కావాలని ఒప్పుకుంటున్నారు.

మావయ్య: క్లాసు కావాలి. క్రమం మాత్రం నాది. ఇంకో తప్పు కూడా నిన్ననే చూశాను. ‘పుట్’ కుటుంబాన్నంతా ఒక్కసారే దింపావు. పుట్ ఆఫ్, పుట్ ఆన్, పుట్ అవుట్, పుట్ అప్ విత్. అర్థాలు వేరు, మొహాలు ఒకటే. వాళ్ళు ఇంటికెళ్ళేసరికి ఏది వాయిదా వెయ్యడమో, ఏది ఆర్పడమో కలగాపులగం.

మేనకోడలు: అది నిజమే. 1993లో టింకమ్, 1997లో వారింగ్ చేసిన ప్రయోగాల్లోనూ అదే తేలింది. ఒకే జాతి మాటల్ని, రంగులన్నీ, పళ్ళన్నీ, ఒకేసారి ఇస్తే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. పాఠ్యపుస్తకాలు మాత్రం ఇప్పటికీ పళ్ళ పేజీ, బట్టల పేజీ అనే వేస్తాయి. కుడి, ఎడమ ఒకే రోజు చెప్పి నేనే చిక్కుల్లో పడ్డాను. ఇప్పుడు ‘రైట్’ బాగా కుదిరాకే ‘లెఫ్ట్’ తెస్తున్నాను. ‘పుట్’నీ అలాగే చీల్చాలి. పనికి బట్టలేసుకునే పాఠంలో పుట్ ఆన్, పొయ్యి దగ్గర మంట లేచే పాఠంలో పుట్ అవుట్.

మావయ్య: పుట్ అవుట్‌కి అర్థం ఎలా చెబుతావు? మంట బొమ్మ వేసి, ఊది చూపిస్తావా?

మేనకోడలు: మీరైతే?

మావయ్య: ‘ఎక్స్‌టింగ్విష్’ అని పక్కన రాస్తాను. వంటింట్లో మంటలార్పే ఎర్ర డబ్బా మీద ఆ మాటే ఉంటుంది. స్పానిష్‌లో ‘ఎస్తింగీర్’. ఒక్క స్పానిష్ ముక్క పలక్కుండా అర్థం చెప్పేశాను.

మేనకోడలు: ఆగండి మావయ్యా. అంటే పొడుగు మాటే పొట్టి మాటకి అర్థమవుతుందన్నమాట. పుట్ ఆఫ్‌కి ‘పోస్ట్‌పోన్’, అక్కడ ‘పోస్పోనేర్’. పుట్ అప్ విత్‌కి ‘టాలరేట్’, అక్కడ ‘తొలెరార్’. లుక్ ఇంటూకి ‘ఇన్వెస్టిగేట్’. ఇంగ్లీషులో ఇలా చాలా పనులకి కాగితం మాట ఒకటి, నోటి మాట ఒకటి ఉన్నాయి. మనకి రెండూ పరాయివే. వీళ్ళకి కాగితం మాట చుట్టం. క్లాసులో ఇంగ్లీషు దాటక్కర్లేదు, వాళ్ళ భాషని వదులుకోనూ అక్కర్లేదు. నా నియమమూ నిలిచింది, మీ ఆస్తీ నిలిచింది.

మావయ్య: ‘గెట్’ లాంటి వాటికి ఒక్క జోడు చాలదు సుమా. దానికి ఆబ్టెయిన్, రిసీవ్, అరైవ్, అన్నీ కావాలి.

మేనకోడలు: చాలదు. రుచి కూడా ఒకటి కాదు. ఇంట్లో లైటు ఆర్పమని ‘ఎక్స్‌టింగ్విష్ ద లైట్’ అంటే ఎదుటివాడు నవ్వుతాడు. అది కూడా చెప్పాలి. అందుకని కార్డు చేస్తాను. ఒకవైపు ‘పుట్ ఆఫ్’, రెండోవైపు ‘పోస్ట్‌పోన్’. కింద వాళ్ళ పనిలోంచి ఒక వాక్యం. ‘దే పుట్ ఆఫ్ ద ఇన్‌స్పెక్షన్.’

మావయ్య: కార్డు చేసి ఊరుకుంటే పుస్తకం చేసినట్టే. చూసి చదవడం వేరు, మూసి గుర్తు చేసుకోవడం వేరు. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకన్నా గుర్తు చేసుకుని రాసినవాళ్ళకే వారం తర్వాత ఎక్కువ మిగిలింది. జర్మనీలో లైట్నర్ 1972లో చెప్పిన పెట్టె పెట్టించు. అట్టపెట్టెలో గదులు. వచ్చిన కార్డు వెనక గదిలోకి పోయి ఎక్కువ రోజులకి తిరిగి వస్తుంది. తప్పినది ముందు గదికి వచ్చి రేపే అడుగుతుంది. బస్సులో కూడా చేసుకోవచ్చు.

మేనకోడలు: పెట్టె సరే. కార్డు ఏ వైపు పైకి పెట్టాలి? నేనైతే ‘పోస్ట్‌పోన్’ పైకి పెట్టి ‘పుట్ ఆఫ్’ నోటితో చెప్పిస్తాను. చెప్పలేని మాట ఎన్ని కార్డుల్లో ఉన్నా వాళ్ళది కాదు.

మావయ్య: నేను ‘పుట్ ఆఫ్’ పైకి పెడతాను. ముందు ఎదుటివాడు అన్నది అర్థం కావాలి. పాల్ నేషన్ చెప్పేదీ అదే, మొదట గుర్తుపట్టడం, తర్వాత పలకడం. నోటికి తొందరేం లేదు.

మేనకోడలు: నోటికే తొందర మావయ్యా. అద్దె ఇంట్లో సింకు పొంగితే ఓనరుకి ఫోన్ చెయ్యాలి.

మావయ్య: ఫోన్ చేసే ముందు అద్దె కాగితం చదవాలి. అందులో ‘టెర్మినేట్’, ‘డిపాజిట్’, ‘రెస్పాన్సిబుల్’, ‘నోటిఫికేషన్’ ఉంటాయి. తెర్మినార్, దెపోసితో, రెస్పొన్సాబ్లే, నోతిఫికాసియోన్. పైసా ఖర్చు లేకుండా అర్థమయ్యే మాటలు. సింకు బాగుచేయించడం ఎవరి బాధ్యతో అందులోనే రాసి ఉంటుంది.

మేనకోడలు: బాధ్యత ఓనరుదే అని చదివి తెలుసుకున్నాక, ఆ ఓనరు ‘ఐ విల్ గెట్ టు ఇట్’ అని రోజూ తప్పించుకుంటుంటే అద్దెకున్నావిడ ఏం చేస్తుంది? ‘యూ కీప్ పుటింగ్ ఇట్ ఆఫ్’ అని ఎదురు చెప్పాలి. దానికి పొట్టి మాటలే దిక్కు.

మావయ్య: హక్కు ఉందని తెలియనివాడు ఎదురు చెప్పడు. ముందు చదవనీ.

మేనకోడలు: ఎదురు చెప్పలేనివాడికి హక్కు కాగితం మీదే ఉంటుంది. ముందు పలకనివ్వండి. గురువారం క్లాసులో సగం పెట్టెలు మీ వైపు, సగం నా వైపు. నెల తర్వాత ఇద్దరం ఒకే పరీక్ష పెడదాం. ఒక అద్దె కాగితం, ఒక ఫోన్ కాల్.

మావయ్య: పెట్టు. అయితే కాగితం ముందు.

మేనకోడలు: ఫోన్ ముందు మావయ్యా.